నాన్నకి డైలాగులు అర్థం కావట్లేదు, కొత్త హాల్‌కి 5.1 (అయిదు స్పీకర్లు, ఒక బేస్ డబ్బా) పెట్టాలా సౌండ్‌బార్ సరిపోతుందా (బడ్జెట్ 2 లక్షలు)

తెనాలి_ఇల్లు:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. తెనాలిలో ఇల్లు కడుతున్నాం. స్లాబ్ అయిపోయింది, హాల్ ప్లాస్టరింగ్ ఇంకా అవ్వలేదు, ఎలక్ట్రీషియన్ వచ్చే వారం గోడలకి గాళ్ళు కొట్టి పైపులు వేస్తా అంటున్నాడు, తర్వాత ఫాల్స్ సీలింగ్. హాల్ 20 అడుగుల పొడవు 12 వెడల్పు, ఎత్తు 10. టీవీ 12 అడుగుల గోడ మీద వస్తుంది, కుడి పక్క సగం డైనింగ్‌లోకి ఓపెన్.

అసలు విషయం ఏంటంటే మా నాన్నకి 71, వినికిడి తగ్గింది. ఇప్పుడున్న అద్దింట్లో టీవీ పెట్టగానే "ఏమన్నాడ్రా" అని ప్రతి డైలాగ్‌కి అడుగుతారు, వాల్యూమ్ పెంచితే వెంటనే పాటో ఫైటో వచ్చి ఇల్లు అదిరిపోద్ది, అమ్మ తగ్గించమంటుంది, అలా రిమోట్ చేతులు మారుతూనే ఉంటది. ఈ మధ్య ఆయన అడగడం కూడా మానేశారు, ఊరికే బొమ్మ చూస్తూ కూర్చుంటున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంది. ఆయన సోఫాలో కూర్చోరు, పడక కుర్చీ, టీవీకి ఎడమ పక్క కిటికీ దగ్గర.

షాపులో అడిగితే ఒకాయన 5.1.4 అట్మాస్ (పైకప్పులో కూడా నాలుగు స్పీకర్లు) పెట్టేయండి అన్నాడు, ఇంకో చోట పెద్ద సౌండ్‌బార్ చాలు అన్నారు. ఆడియో వరకు 2 లక్షలు పెట్టగలను. నాన్నకి మాట స్పష్టంగా రావాలి, వారాంతాల్లో నేను తమ్ముడు సినిమాలు బాగా చూడాలి. ముందు వైర్లు ఎక్కడికి లాగాలో చెప్పండి, టైం లేదు.

ఓరుగల్లు_బేస్:
అన్నా మంచి టైంల అడిగినవ్. ఏం కొంటవ్ అనేది తర్వాత, ముందుగాల పైపులు ఏపియ్యి. మా ఇంట్ల ఫాల్స్ సీలింగ్ అయినంక యాదికొచ్చింది నాకు, ఇప్పుడు సర్రౌండ్ (పక్కల, వెనక పెట్టే స్పీకర్ల) వైర్లు గోడ మీద పట్టీలేసి తీస్కపోయినం, చూసినప్పుడల్లా మనసున పడ్తది.

టీవీ గోడ దగ్గర రిసీవర్ (స్పీకర్లన్నిటిని నడిపే డబ్బా) పెట్టే చోటు నుంచి సోఫాకు రెండు పక్కల, కూర్చుంటే చెవి కన్నా ఒకటి రెండు ఫీట్లు పైన, ఒక్కో పాయింటు. సీలింగ్‌ల సోఫాకు జర్ర ముందట రెండు పాయింట్లు, ఇప్పుడు స్పీకర్ పెట్టకున్నా వైర్ గుంజి చుట్టి వదిలెయ్. సబ్‌కు (బేస్ డబ్బాకు) టీవీ గోడ రెండు మూలలకు ఒకటొకటి, వెనక గోడకు ఒకటి. సబ్ కోసం ఖరీదైన కేబుల్ అక్కర్లేదు, డిష్‌కు వాడే ఆర్‌జీ6 కేబుల్‌కే ఆర్‌సీఏ పిన్నులు కొట్టిస్తే మస్తు పనిచేస్తది. కరెంటు వైర్ పోయే పైపుల మాత్రం ఇవి ఎయ్యనియ్యకు, గుయ్ మని హమ్మింగ్ వస్తది.

తెనాలి_ఇల్లు:
థాంక్స్ అన్నా. స్పీకర్ వైర్ ఏది తీసుకోవాలి, షాపులో మీటరు 400 ది చూపిస్తున్నారు.

ఓరుగల్లు_బేస్:
అది అద్దు. ఇంటికి వాడే మంచి రాగి వైరే 1.5 స్క్వేర్ ఎంఎం తీస్కో, వెనక సర్రౌండ్లకు దూరం ఎక్కువనిపిస్తే 2.5. 1.5 రాగి తీగ కిలోమీటరుకు 12 ఓమ్స్ చిల్లర రెసిస్టెన్స్, నీది 10 మీటర్ల దూరం అంటే పోను రాను 20 మీటర్లు, పావు ఓమ్ కూడా కాదు. 8 ఓమ్స్ స్పీకర్ ముందట అది లెక్కలకు రాదు. ఒక్కటే చూస్కో, అల్యూమినియం మీద రాగి పూత పూసినవి అమ్ముతున్నరు, గీకితే లోపల తెల్లగ కనిపిస్తది, అది తీస్కోకు.

పాత_రేడియో:
నాన్నగారి గురించి రాసింది చదివి ఊరుకోలేకపోయాను.

వైర్ల సంగతి తమ్ముడు సరిగ్గా చెప్పాడు. నేను గది గురించి చెప్తాను, ఎందుకంటే మీ సమస్యలో సగం అక్కడే ఉంది. ఖాళీ ఫంక్షన్ హాల్లో మైకులో ఎవరైనా మాట్లాడితే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, గొంతు పెద్దగా వినపడుతుంది కానీ ఏం అన్నాడో తెలీదు. అదే హాల్ జనంతో నిండాక అదే మైకు, అదే బాక్సులు, మాట అర్థమవుతుంది. మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. మన కొత్త ఇళ్ళు అన్నీ ఆ ఖాళీ ఫంక్షన్ హాల్ లాంటివే, కింద నున్నటి టైల్స్ లేదా గ్రానైట్, చుట్టూ పెయింటు వేసిన గోడలు, పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, పైన స్లాబ్. ఒక మాట స్పీకర్ నుంచి చెవికి నేరుగా వచ్చిన వెంటనే నాలుగు గోడల నుంచి దాని నకళ్ళు వచ్చి తర్వాతి మాట మీద పడతాయి. కుర్రాళ్ళ చెవులు దాన్ని విడగొట్టుకోగలవు, పెద్దవాళ్ళకి కష్టం. అలాంటి గదిలో 2 లక్షలు కాదు 20 లక్షల స్పీకర్ పెట్టినా నాన్నగారు "ఏమన్నాడ్రా" అనే అంటారు.

అందుకని బడ్జెట్‌లో కొంత గదికి తీసిపెట్టండి. టీవీకీ సోఫాకీ మధ్య నేల మీద మందపాటి తివాచీ, మీకు ఏలూరు దగ్గరే, అక్కడ ఊలు తివాచీలు నేస్తారు. కిటికీకి మడతలు ఎక్కువ వచ్చేలా బరువైన కర్టెన్. పక్క గోడ మీద, సోఫాలో మీరు కూర్చుని వేరే వాళ్ళని గోడ వెంట అద్దం జరపమనండి, అద్దంలో ఏ చోట స్పీకర్ కనపడితే ఆ చోట 2 అంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నార) స్లాబ్‌కి చెక్క ఫ్రేము కట్టి గుడ్డ చుట్టి తగిలించండి. గుడ్డ నోటితో ఊదితే గాలి అవతలికి పోయేలా ఉండాలి, మంగళగిరి నూలు గుడ్డ బ్రహ్మాండంగా సరిపోతుంది. కోడిగుడ్ల అట్టలు, పల్చటి ఫోమ్ ముక్కలు అంటించొద్దు, వాటివల్ల మాటకి ఒరిగేది ఏమీ లేదు.

ఓరుగల్లు_బేస్:
తివాచీ అంటే మా కొత్తవాడ జంపఖానాలు కూడ చూడున్రి సార్, రంగులు మస్తుంటయ్.

పాత_రేడియో:
నా దగ్గర కూడా ఉంది తమ్ముడూ, చాలా ఇష్టం నాకు. కానీ జంపఖానా పల్చన, శబ్దం పీల్చుకోవాలంటే నూగు ఉన్న తివాచీ కావాలి. లేదంటే జంపఖానా కింద మందంగా ఫెల్ట్ వేసుకోవచ్చు.

కృష్ణలంక_కుర్రాడు:
బ్రో ఇన్ని తిప్పలు ఎందుకు. నేను విజయవాడలో అసెంబుల్డ్ 5.1 వాడతా, 12 ఇంచుల సబ్, యాంప్ మీద 5000 వాట్స్ అని రాసి ఉంటది, మొత్తం పాతిక వేలు లోపే, సినిమా పెడితే కిటికీ రెక్కలు కొట్టుకుంటాయ్, పక్క వీధి నుంచి వచ్చి అడుగుతారు ఏం సెట్టు అని. 2 లక్షలు పెట్టి 80 వాట్స్ రిసీవర్ కొనడం నాకైతే అర్థం కాదు.

పాత_రేడియో:
ఆ 5000 పీఎంపీఓ లెక్క తమ్ముడూ, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) కాదు. పీఎంపీఓకి ఒక ప్రమాణం అంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకుంటారు. వెనక ట్రాన్స్‌ఫార్మర్ సైజు, ఫ్యూజు చూస్తే నిజం తెలుస్తుంది, 230 వోల్టుల దగ్గర 3 ఆంప్స్ ఫ్యూజు ఉన్న డబ్బా గోడ నుంచి తీసుకునేదే 700 వాట్స్ లోపు, అందులోంచి 5000 బయటికి ఎలా వస్తుంది.

ఇంకో లెక్క చెప్తా, ఇది తెనాలి బాబుకి కూడా పనికొస్తుంది. మామూలు బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) స్పీకర్ సెన్సిటివిటీ 88 డీబీ (డెసిబెల్) అనుకుందాం, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డీబీ. మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే బయట మైదానంలో అయితే 11 డీబీ తగ్గి 77 వస్తుంది, గదిలో గోడల పుణ్యాన ఇంకొంచెం ఎక్కువే. ఇంట్లో మనం డైలాగులు వినేది 65, 70 దగ్గర. అంటే మాట వినడానికి ఒక్క వాట్ కూడా ఖర్చవదు! మిగతా 79 వాట్స్ బాంబు పేలినప్పుడు, తలుపు ధడేల్మన్నప్పుడు కావాలి. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీ మాత్రమే, 80 వాట్స్‌ని 160 చేసినా చెవికి కాస్త తేడా తెలుస్తుంది అంతే. నాన్నగారి కష్టం వాట్స్‌తో తీరేది కాదు.

వినికిడి_విభాగం:
నేను ఆడియాలజీలో పని చేస్తాను కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, దయచేసి ముందు నాన్నగారికి హియరింగ్ టెస్ట్ చేయించండి. చెవిలో గుమిలి గట్టిపడి ఉన్నా ఇలాగే ఉంటుంది, అది డాక్టర్లు తీసేస్తారు.

వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని శబ్దాలకీ సమానంగా రాదు, పైస్థాయి ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి. తెలుగులో చెప్పాలంటే అచ్చులు బాగానే వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. ఆ, ఓ, ఊ వీటి బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, ష, చ, త, ఫ లాంటివి చాలా సన్నటి శబ్దాలు, 2000 హెర్ట్జ్ పైన మొదలై 8000 దాకా పోతాయి. సాయి అన్నా చాయి అన్నా ఆయన చెవికి "ఆయి" లాగే చేరుతుంది. వాల్యూమ్ పెంచితే అచ్చు ఇంకా పెద్దదవుతుంది, హల్లు అక్కడే ఉంటుంది, అందుకే "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది సరిగ్గా ఇదే మాట చెప్తారు. వాళ్ళు పరధ్యానంగా ఉన్నారని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు, అది నిజం కాదు. అడగడం మానేశారు అని రాశారు చూడండి, అది మాకు చాలా తెలిసిన దశ, మళ్ళీ మళ్ళీ అడగడం ఇబ్బందిగా ఉండి మాటల్లోంచి తప్పుకుంటారు. మీరు పట్టించుకోవడం చాలా మంచి విషయం.

బేస్ ఎక్కువగా ఉంటే అది సన్నటి హల్లుల్ని కప్పేస్తుంది, కాబట్టి ఆయన ఒక్కరే చూస్తున్నప్పుడు సబ్ తగ్గించండి. హియరింగ్ ఎయిడ్ వాడాల్సి వస్తే టీవీ శబ్దాన్ని నేరుగా అందులోకి పంపే చిన్న డబ్బాలు కూడా ఉంటాయి, రిసీవర్ కొనేటప్పుడు ఆప్టికల్ అవుట్ గానీ హెడ్‌ఫోన్ అవుట్ గానీ ఎక్కడ నుంచి వస్తుందో చూసుకోండి.

తెనాలి_ఇల్లు:
మేడం మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేను రోజూ విసుక్కుంటున్నానురా" అంది. గుంటూరు తీసుకెళ్తున్నాం శనివారం.

ఇంకో డౌట్, సెంటర్ స్పీకర్ (టీవీ కింద మధ్యలో పెట్టేది) ముఖ్యం అని అందరూ అంటున్నారు, ఏది చూడాలి?

వైజాగ్_అలలు:
సెంటర్ గురించి నేను చెప్తా, దీని మీద నేను ఏడాది పాటు తల బద్దలు కొట్టుకున్నా. 5.1 సినిమాలో మాట దాదాపు అంతా సెంటర్ నుంచే వస్తుంది, సంగీతం ఎక్కువగా పక్కవాటికి పోతుంది. అందుకే సెంటర్ ఒక్కదాన్ని 3 డీబీ పెంచుకుంటే ఫైటు పెరగకుండా మాట పెరుగుద్ది, మీ రిమోట్ గొడవకి సగం మందు ఇదే, మామూలు టీవీలో గానీ రెండు స్పీకర్ల సెట్టులో గానీ ఇది కుదరదు.

అయితే షాపుల్లో సెంటర్ అని అమ్మేది అడ్డంగా ఉంటుంది, మధ్యలో ట్వీటర్ (సన్నటి శబ్దాలకి), అటు ఇటు రెండు వూఫర్లు (లావు శబ్దాలకి). ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది. పక్కకి జరిగితే రెండు వూఫర్ల నుంచి మీ చెవికి దూరం తేడా వచ్చి కొన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి, అది కూడా సరిగ్గా మాట ఉండే చోట. మా అమ్మ కుర్చీ కూడా పక్కనే, నాకు బ్రహ్మాండంగా వినపడేది ఆమెకి గొంతులో దూది పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది అనేది, నేను నమ్మలేదు, చివరికి ఒకరోజు ఆమె కుర్చీలో కూర్చుని విన్నా. ఆమె చెప్పిందే నిజం. మీ నాన్నగారి పడక కుర్చీ కిటికీ దగ్గర అన్నారు కదా, మీకూ అదే అవుతుంది.

దారి ఏంటంటే ఎడమ కుడికి పెట్టే బుక్‌షెల్ఫ్ స్పీకరే మూడోది తెచ్చి మధ్యలో నిలువుగా పెట్టండి. మూడూ ఒకటే కాబట్టి తెర మీద మనిషి ఇటు నుంచి అటు నడిస్తే గొంతు రంగు మారదు, పక్కన కూర్చున్నా మాట చెక్కుచెదరదు. లేదంటే ట్వీటర్, మిడ్ (మధ్య శబ్దాలది) ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉండే త్రీ వే సెంటర్లు ఉంటాయి కానీ రేటు ఎక్కువ. నిలువుగా పెట్టాలంటే టీవీ కింద ఓ 14 అంగుళాల జాగా కావాలి, ఇల్లు కట్టేవాళ్ళకి అది ఉచితం, కార్పెంటర్‌కి ముందే చెప్పండి. డబ్బా అరలోకి తోసేయనివ్వద్దు, స్పీకర్ ముఖం అర అంచుకి సమానంగా రావాలి, చెవుల వైపుకి కొంచెం వాల్చాలి, లోపలికి పోతే అర అంతా కుండలో మాట్లాడినట్టు మోగుతుంది.

సీమ_సౌండ్:
మా మామకి నేను సౌండ్‌బారే పెట్టించినా, ఆయనకి ఇబ్బందేం లేదు. చిన్న రూము, 10 బై 11, ఆయన ఒక్కడే ఎదురుగా 6 అడుగుల దూరంలో కూర్చుంటాడు, ఒకటే వైరు, ఒకటే రిమోట్. పెద్దోళ్ళకి రిమోట్లు ఎక్కువైతే టీవీ పెట్టడమే మానుకుంటారు, అది కూడా ఆలోచన చేయండి. సెంటర్ ఛానల్ ఉండే 3.1 బార్ అయితేనే తీసుకోండి, సెంటర్ లేని 2.1 వద్దు. కానీ మీ హాలు 20 అడుగులు, ఒక పక్క ఓపెన్, దానికి బార్ చాలదు అనే నాకూ అనిపిస్తుంది. పైకి కొట్టి సీలింగ్ నుంచి తిప్పే అట్మాస్ బార్లు అన్ని గదుల్లో చెప్పినంత రావు.

ప్లానో_తెలుగు:
అన్నయ్యా, ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే రిసీవర్ తెప్పించుకుందాం అనే ఆలోచన ఉంటే ఆపేయండి. మా వాళ్ళు ప్రతి సంక్రాంతికి అడుగుతారు. ఇక్కడివి 120 వోల్టులు, అక్కడ 230, నేరుగా పెడితే కాలిపోతుంది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అక్కడ వారంటీ కూడా వర్తించదు. కరెంటు లేని స్పీకర్లు అయితే ఎక్కడివైనా ఒకటే కానీ బరువు. సబ్‌లో యాంప్ ఉంటుంది కాబట్టి అదీ వద్దు.

స్లాబ్_లెక్కలు:
సివిల్ వాడిని, కొలతలు చూడగానే ఒకటి తట్టింది. 20, 12, 10 అడుగులు. గదిలో రెండు ఎదురెదురు గోడల మధ్య బేస్ నిలబడిపోయే ఫ్రీక్వెన్సీ ఉంటుంది, శబ్ద వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని గది పొడవు (మీటర్లలో) రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. మీ పొడవుకి 28 హెర్ట్జ్, వెడల్పుకి 47, ఎత్తుకి 56. పొడవు యొక్క రెండో మెట్టు మళ్ళీ 56. అంటే పొడవు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు కావడంతో 56 దగ్గర రెండూ కలిసి ఊగుతాయి, డప్పు దెబ్బ పడితే తెగకుండా బూమ్‌ మని సాగుతుంది. డైనింగ్ వైపు ఓపెన్ ఉంది కాబట్టి 47 అంత గట్టిగా ఉండకపోవచ్చు. గోడలు కదపలేం కానీ సోఫా కదపొచ్చు. వెనక గోడకి ఆనించొద్దు, అక్కడ బేస్ కుప్ప పడుతుంది. సరిగ్గా మధ్యలో 10 అడుగుల దగ్గర వద్దు, అక్కడ 28 మాయమైపోతుంది. టీవీ గోడ నుంచి 12, 13 అడుగుల దగ్గర వేయండి.

సబ్ చోటు వెతకడానికి పాత పద్ధతే మంచిది. సబ్‌ని తెచ్చి సోఫా ఉన్న చోట పెట్టి బేస్ ఉన్న పాట వేసి మీరు గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ వినండి, ఎక్కడ దెబ్బ గట్టిగా, తెగినట్టు, సమానంగా వినపడితే సబ్ అక్కడికి పోవాలి. అందుకే ఓరుగల్లు అన్న మూడు చోట్ల వైర్ వేయమన్నది.

కృష్ణలంక_కుర్రాడు:
పాత రేడియో గారు, మీరు చెప్పాక వెనక ఫ్యూజు చూశా, 3 ఆంప్సే. ఒప్పుకుంటున్నా. ఇంకోటి కూడా చూశా, నా దాంట్లో 5.1 డీకోడర్ లేదు, టీవీ నుంచి రెండు వైర్లు తీసుకుని అన్ని స్పీకర్లకీ అదే పంచుతోంది. ఇన్నాళ్ళు సెంటర్లో పాట ఎందుకు వస్తుందా అనుకునేవాణ్ణి.

నాకు తెలిసింది నేను చెప్తా, ఇన్వర్టర్ల పని చేస్తా నేను. తెనాలిలో కరెంటు పోతే రిసీవర్ ఇన్వర్టర్ మీదకి వెళ్తది, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రు మంటది, స్పీకర్లలో కూడా వస్తది, ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి, లేదంటే ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో కలపొద్దని ఇప్పుడే ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. టీవీ, రిసీవర్, సబ్ అన్నీ ఒకే సర్క్యూట్, ఒకే ఎర్త్. వేర్వేరు పాయింట్ల నుంచి ఇచ్చినా, డిష్ కేబుల్ వేరే చోట ఎర్త్ అయినా హమ్ వస్తది. ఎర్తింగ్ గొయ్యి కొత్త ఇల్లే కదా బాగా చేయించండి, ఉరుములొస్తే ప్లగ్గు, డిష్ కేబుల్ రెండూ పీకేయండి.

తెనాలి_ఇల్లు:
చాలా థాంక్స్ బ్రో, ఆ సర్క్యూట్ మాట నేను అస్సలు ఆలోచించలేదు, వెంటనే చెప్పా అతనికి.

నాన్నకి టెస్ట్ అయింది. రెండు చెవుల్లోనూ పైస్థాయివి తగ్గాయి, కుడిది ఎక్కువ. చెవి మెషీన్ పెట్టుకోమన్నారు, ఆయన ఇంకా ఒప్పుకోలేదు. రిసీవర్ విషయంలో ఆగిపోయా, యమహా ఆర్ఎక్స్-వీ385 నా, డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్ నా. ధరలో చాలా తేడా.

పాత_రేడియో:
వీ385 నిజాయితీ గల 5.1, అట్మాస్ లేదు, ఈఆర్క్ లేదు, మామూలు ఆర్క్ మాత్రమే (ఆర్క్ అంటే టీవీ శబ్దం హెచ్‌డీఎంఐ వైర్లోనే వెనక్కి రిసీవర్‌కి రావడం, ఈఆర్క్ దాని పెద్ద రూపం). ఎక్స్1800హెచ్ 7 ఛానళ్ళు, అట్మాస్, ఈఆర్క్ ఉన్నాయి. సీలింగ్‌కి వైర్లు వేశారు కాబట్టి ఎప్పటికైనా పైకి స్పీకర్లు పెడతాం అనుకుంటే రెండోది. ఎప్పటికీ 5.1 చాలనుకుంటే మొదటిది తీసుకుని మిగిలింది స్పీకర్లలో పెట్టండి, తప్పు లేదు. రెండింట్లోనూ పెట్టెలో మైకు వస్తుంది, గదిని కొలిచి దూరాలు, లెవెళ్ళు సరిచేసుకుంటుంది. అది అయ్యాక మీరు చూడాల్సింది, స్పీకర్లన్నీ స్మాల్ అని ఉండాలి, క్రాసోవర్ 80 హెర్ట్జ్, అంటే అంతకన్నా కింది బేస్ సబ్‌కి పోతుంది.

ఈఆర్క్ గురించి భయపడొద్దు. ఓటీటీల్లో అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది, అది మామూలు ఆర్క్‌లో కూడా పోతుంది. బ్లూరే లాంటి వాటిలో ఉండే ట్రూహెచ్‌డీకి మాత్రం ఈఆర్క్ కావాలి, అవి కూడా రిసీవర్‌కే గుచ్చుకుంటే ఆ బాధ లేదు. మీ తమ్ముడు హార్డ్ డిస్క్‌లో సినిమాలు చూస్తాడంటే ఒకటి గుర్తుంచుకోండి, శామ్‌సంగ్ టీవీల్లో 2018 నుంచి డీటీఎస్ లేదు, డీటీఎస్ ఫైలు పెడితే బొమ్మ వస్తుంది శబ్దం రాదు.

అన్నిటికన్నా ముఖ్యం, నాన్నగారు రోజూ చూసేది ఏంటి? వార్తలు, పాత సినిమాలు అయితే అవి దాదాపు అన్నీ స్టీరియో, అంటే ఎడమ కుడి రెండు ఛానళ్ళే. స్టీరియోలో సెంటర్ అసలు పలకదు, కొన్న డబ్బంతా మూలన కూర్చుంటుంది. రిసీవర్లో అప్‌మిక్సర్ ఉంటుంది, డెనాన్‌లో అయితే డాల్బీ సర్రౌండ్ అని, అది ఎడమ కుడి రెండింట్లోనూ సమానంగా ఉన్న మాటని తీసి సెంటర్‌కి పంపుతుంది. దాన్ని డిఫాల్ట్‌గా పెట్టండి. టీవీ సెట్టింగుల్లో కూడా శబ్దం పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్ళే పంపుతాయి, దాన్ని పాస్‌త్రూ లేదా ఆటోకి మార్చండి.

డెమోకి వెళ్తే నాన్నగారిని తీసుకెళ్ళండి. షాపు వాళ్ళు వేసే హెలికాప్టర్ క్లిప్పు కాదు, ఆయనకి తెలియని తెలుగు వార్తలో ఇంటర్వ్యూనో పెట్టమని, ఏం చెప్పారో తిరిగి చెప్పమనండి. ఆయన ఏ స్పీకర్ దగ్గర ఎక్కువ మాటలు పట్టుకుంటే అది కొనండి, బ్రాండు చూడొద్దు.

వైజాగ్_అలలు:
ఆఖరి పేరాకి వంద లైకులు.

తెనాలి_ఇల్లు:
నాలుగు నెలల తర్వాత వచ్చా, మర్చిపోలేదు ఎవరినీ. గృహప్రవేశం అయింది.

నాన్నని తీసుకుని హైదరాబాద్ వెళ్ళా. మొదటి షాపులో "పెద్దాయనకి ఏం తెలుస్తుందండి" అన్నారు, అక్కడ నుంచి లేచొచ్చేశాం. రెండో చోట ఓపిగ్గా మూడు సెట్లు వినిపించారు. నాన్న కళ్ళు మూసుకుని కూర్చుని వార్తలు విని ఒక్కో వాక్యం తిరిగి చెప్పారు, బడిలో పిల్లాడిలా ఎంత శ్రద్ధగా చేశారో. మూడోదాంట్లో దాదాపు అన్నీ పట్టుకున్నారు. అది షాపులో అన్నిటికన్నా బేస్ తక్కువున్న బుక్‌షెల్ఫ్, నేనైతే ఎంచుకునేవాణ్ణి కాదు.

అవి జతలుగానే అమ్ముతారు కాబట్టి రెండు జతలు కొన్నా, మూడు ముందు పెట్టాం, నాలుగోది పెట్టెలో ఉంది, దసరాకి మూడో జత తెచ్చి వెనక రెండూ పెడతా. ఇప్పటికి 3.1. డెనాన్ ఎక్స్1800హెచ్, 12 అంగుళాల సీల్డ్ సబ్. సబ్ కోసం తమ్ముడు నేను పాకాం, చివరికి మేం అనుకున్న టీవీ మూల కాదు, ఎడమ గోడ మధ్యలో కుదిరింది, ఆ చోట వైర్ లేదు, స్కర్టింగ్ వెంట లాగాం. 56 దగ్గర మోత ఇంకా కాస్త ఉంది, సోఫా 13 అడుగులకి జరిపాక చాలా తగ్గింది. ఏలూరు తివాచీ పరిచాం. సెంటర్ 3 డీబీ పైకి, రాత్రిళ్ళు సబ్ 5 కిందకి. ప్యానెళ్ళు మంగళగిరి గుడ్డతో అమ్మే కుట్టింది.

నాన్న మెషీన్ పెట్టుకుంటున్నారు, రోజంతా కాదు, టీవీ టైంలో. మొన్న రాత్రి పాత సినిమా చూస్తూ నేను ఫోన్లో ఉంటే ఒక్కరే పకపకా నవ్వారు, ఏంటి నాన్నా అంటే ఆ డైలాగు మొత్తం నాకు చెప్పారు.

ఒక్కటే మిగిలింది. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట వెనక వస్తోంది అంటున్నారు. నాకు, అమ్మకి, తమ్ముడికి అస్సలు తేడా తెలియట్లేదు. ఆయన ఊహా?

వినికిడి_విభాగం:
ఊహ కాదండి. వినికిడి తగ్గినవాళ్ళు తెలియకుండానే పెదాలు చదవడం అలవాటు చేసుకుంటారు, జారిపోయిన హల్లుల్ని కళ్ళతో పట్టుకుంటారు. అందుకే మాట కాస్త వెనకబడినా ముందు ఆయనకే తెలుస్తుంది. తప్పకుండా సరిచేయండి. మెషీన్ పెట్టుకున్నారని విని చాలా సంతోషం.

పాత_రేడియో:
డిష్ బాక్సు టీవీకి గుచ్చి ఉంది కదూ? శబ్దం టీవీలోకి పోయి ఆర్క్‌లో వెనక్కి తిరిగి రిసీవర్‌కి వస్తోంది, అక్కడ ఆలస్యం. రిసీవర్లో డిలే సెట్టింగు మాటని ఇంకా వెనక్కి నెట్టగలదు గానీ ముందుకి తేలేదు. బాక్సు హెచ్‌డీఎంఐ తీసి నేరుగా రిసీవర్‌కి పెట్టండి, అక్కడ నుంచి బొమ్మ టీవీకి పోతుంది. ఆ తర్వాత మాట ముందు వస్తుంటే అప్పుడు డిలే 10, 10 మిల్లీసెకన్లు పెంచుతూ ఆయన్నే చెప్పమనండి.

తెనాలి_ఇల్లు:
మార్చా. ఇప్పుడు మాటే కాస్త ముందు వస్తోంది అన్నారు, నేను రిమోట్ పట్టుకుని 10, 20, 30 అని పెంచుతుంటే 40 దగ్గర చెయ్యెత్తి ఆగమన్నారు. 40 లో ఉంచా.